ఎక్కువైన నెత్తురు

"నీళ్ళలోకి దిగవద్దు. రక్తం చిక్కబడింది" అని మోచేతికి అంటించిన మందు పట్టీ, ఊపిరిమీట, అయిదో రోజూ అదే పాట పాడింది. చేసేది లేక పోలేశ్వరి ఆలిచిప్పల రేవు పక్కనున్న ఆరోగ్య కేంద్రానికి వచ్చి మూతి ముడుచుకుని కూర్చుంది.

"రెండు నెలలుగా నెత్తురు తీయించుకోకపోతే తలనొప్పి రాక ఏమొస్తుందమ్మా?" అంది నర్సు సుహాసిని.

"పట్టిన నెత్తురు తీసి పారబొయ్యడానికి నాకేటి పిచ్చా? సత్తువంతా పోదేటి?"

ఆ రేవు ఈతగత్తెలందరిదీ అదే భయం. నెత్తురు తీసే రోజు వచ్చిందంటే ఊళ్ళో సగం మందికి ఎక్కడలేని పనులూ గుర్తొస్తాయి.

మన ఒంట్లో ప్రతి కణంలోనూ ఒక కావలి ప్రోటీను పుడుతూనే ఉంటుంది. ప్రాణవాయువు దండిగా ఉన్నంతసేపూ కణం దాన్ని ఎప్పటికప్పుడు చంపేస్తుంది. గాలి తగ్గితే మాత్రం అది బతికిపోయి, నిద్రపోతున్న జన్యువుల్ని తట్టి లేపుతుంది. ఉన్న గాలితో పొదుపుగా బతకమంటుంది, ఎర్రకణాల్ని పెంచమంటుంది. నీళ్ళలోకి దిగేముందు ఊపిరిమీట ఎక్కించే మందు ఆ కావలిని చావనివ్వదు. అందుకే ఈ ఆడవాళ్ళు సిలిండరు లేకుండా అరగంటసేపు సముద్రం అడుగున చిప్పలు ఏరగలరు. అయితే కావలి పనిలోనే ఉంటుంది గనక నెత్తురూ పెరిగి చిక్కబడుతూనే ఉంటుంది, అప్పుడప్పుడు తీయించక తప్పదు.

అంతలో బయట కేకలు. పడవవాళ్ళు ఇద్దరు ఎర్రమ్మను మోసుకొచ్చి బల్ల మీద పడుకోబెట్టారు. పడవ మోటారు రెక్క తగిలి తొడ చీలిపోయింది.

సుహాసిని గాయం బిగించి కట్టి, నగరానికి ఫోను చేసింది. గాలివానకు రక్తం తెచ్చే డ్రోను ఎగరదన్నారు.

ఎర్రమ్మ పోలేశ్వరికి స్వయానా తోడికోడలు. ఈతగత్తెల పెద్దరికం తనకు కాక చిన్నదైన ఎర్రమ్మకు దక్కిన నాటి నుంచి, మూడేళ్ళుగా, మాటల్లేవు. "నువ్వు సచ్చినా నీ గుమ్మం తొక్కను" అని పోలేశ్వరి నడివీధిలో అరిచింది. ఇప్పుడు ఆ మాటను పక్కనపెట్టి బల్ల దగ్గరికి వచ్చింది.

"నాది తియ్యండమ్మా. ఎక్కువైందన్నారు కదేటి!"

నెత్తురు తీసే యంత్రం మాత్రం "ఈతగత్తె నెత్తురు. వ్యర్థం" అంది. సుహాసిని పోలేశ్వరి వైపు తిరిగింది.

"మీట మందు నెత్తుట్లో రెండు రోజులుంటుంది. ఆ రూలు అందుకే పెట్టారు. నువ్వు నీళ్ళలో దిగి అయిదు రోజులైంది కదూ?"

పరీక్షలో మందు జాడ లేదు. గ్రూపు కూడా కలిసింది. సుహాసిని యంత్రం నోరు మూయించి రెండు సంచులు నింపింది. మొండితనంతో దాచుకున్న నెత్తురంతా తోడికోడలి ఒంట్లోకి చుక్కచుక్కగా దిగుతుంటే పోలేశ్వరి రెప్ప వేయకుండా చూసింది.

మధ్యాహ్నానికి ఎర్రమ్మ పెదవులకు రంగు తిరిగింది. కళ్ళు తెరిచి, సంచి మీది పేరు చదివింది.

"అక్కా," అంది నీరసంగా, "నా గుమ్మం తొక్కనన్నావు. ఏకంగా ఒంట్లోకే వచ్చీసినావేటే?"

"నోర్ముయ్యే! తొంగో," అంది పోలేశ్వరి. అంటూనే ఏడ్చేసింది. హమ్మయ్య అనుకుని కళ్ళు తుడుచుకున్నాక గానీ, రెండు నెలల తలనొప్పి పోయిందని ఆమె గమనించలేదు.