పద్నాలుగు అంగుళాల పొరపాటు

"ఈ అద్దం నా కిటికీలో ఏ మూలా పట్టలేదండీ!"

కాగితంలో చుట్టిన గాజుపలకను బల్ల మీద పెట్టి మండిపడ్డాడు వడ్రంగి. అతని జుట్టు నుంచి వాన నీళ్లు కారుతున్నాయి. అద్దాల కొట్టాయన కూతురు ముందు గాజు తుడిచింది, తర్వాత బల్ల తుడిచింది, ఆ తర్వాతే అతని మొహం చూసింది.

"నాలుగు పక్కలూ పదేసి అంగుళాలని రాసిచ్చారు. చతురస్రం కోశాను."

"ఇది మెట్ల దగ్గర పెట్టే డైమండ్ కిటికీ!"

"ఆ మాట నాకు చెప్పారా, మీ సుత్తికి చెప్పారా?"

మూడు నెలలుగా ఒకే ఇంటి కిటికీలకు ఇక్కడే అద్దాలు కోయిస్తున్నాడతను. అన్నీ నిలువు కిటికీలే. పోట్లాట మాత్రం ఏ రోజుకారోజు కొత్తది.

లోపల గాజు అంచులు నూరుతున్న తండ్రి దగ్గాడు. అది దగ్గు కాదు, దాచుకున్న నవ్వని ఆమెకు తెలుసు.

ఆమె నాలుగు సమానమైన చెక్కముక్కలను మూలల్లో మేకులతో కలిపి, చతురస్రాన్ని వేలితో పక్కకు నెట్టింది. అది వాలిపోయింది.

"పక్కలు మారాయా?"

"లేదు."

"ఆకారం?"

అతను తల గోక్కున్నాడు.

"అదీ సంగతి. ఇలా వాలిన రాంబస్‌కి పక్కలు చాలవు, మేస్త్రీగారూ. ఎదురెదురు మూలల మధ్య కర్ణాలు కావాలి."

అతను వానలోనే పరుగెత్తి కొలుచుకొచ్చాడు. పొడుగుది పదహారు, పొట్టిది పన్నెండు.

"రెండూ గుణించి సగం చేస్తే వైశాల్యం తొంభై ఆరు చదరపు అంగుళాలు. పైమొన కోణం సుమారు డెబ్బై నాలుగు డిగ్రీలు, పక్క మూల నూట ఆరు. కలిపితే నూట ఎనభై. చూసుకోండి."

"లెక్కల టీచరయ్యుంటే పిల్లలు వణికేవాళ్లు."

"గాజు ఒకసారి తెగితే మళ్లీ అతకదండీ. అందుకే ముందు లెక్క."

"శుక్రవారానికి ఇస్తారా? శనివారం పొద్దున బస్సుకి వేరే ఊరు వెళ్తున్నాను. ఇక్కడ ఇదే ఆఖరి పని."

ఆమె పెన్సిల్ ముల్లు పుటుక్కున విరిగింది.

శుక్రవారం అతను కొత్త అద్దాన్ని తన మడత స్కేలుతో కొలిచాడు. మళ్లీ కొలిచాడు.

"పొడుగు కర్ణం పద్నాలుగే ఉంది. అంటే వైశాల్యం ఎనభై నాలుగు. మిగతా పన్నెండూ ఎక్కడికి పోయాయండీ?"

"పొరపాటైంది."

"ముప్పై అద్దాలు కోశారు. వెంట్రుకవాసి తేడా రాలేదు."

ఆమె తల దించుకుంది. "సరిపోకపోతే ఇంకో రోజు ఉంటారనుకున్నాను."

అతను స్కేలును మెల్లగా మడిచాడు.

"నేను కర్ణాలు రాయకపోవడం మాత్రం నిజంగా మతిమరుపే," అన్నాడతను. "ఇంత మంచి ఉపాయం నాకు తట్టలేదు."

తండ్రి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. "మంచి గాజు పాడుచేశావు కదే అమ్మడూ! ఏం బాబూ, వెళ్లినవాడివి తిరిగొస్తావా? దారి చూస్తూ కూర్చోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. నా కూతురికి వద్దు."

వడ్రంగి మడత స్కేలును బల్ల మీద పెట్టాడు. "ఇది మా నాన్న చేతిది మావయ్యా. ఇంతవరకు ఎవరికీ ఇవ్వలేదు. ఇరవై రోజుల్లో వచ్చి తీసుకుంటాను."

"అప్పుడే మావయ్యనా!" అన్నాడు తండ్రి. కానీ స్కేలును కూతురి వైపే జరిపాడు.

ఆ సాయంత్రమే ఆమె సరైన అద్దం కోసిచ్చింది. పొద్దున బస్సుకి అతను వెళ్లిపోయాడు.

ఇరవై రోజులూ ఆమె స్కేలు మీద దుమ్ము తుడిచింది. వస్తామన్నవాళ్లందరూ రారు. ఇరవయ్యో రోజు చీకటి పడింది, ఎవరూ రాలేదు. ఆమె అన్నం ముట్టలేదు.

మర్నాడు వానలో తడిసిన చెయ్యి ఒకటి బల్ల మీద చీటీ పెట్టింది.

"దారిలో బస్సు ఆగిపోయిందండీ. తిట్టడం తర్వాత. ముందు డైమండ్ అద్దం కావాలి."

చీటీలో పక్కలు, రెండు కర్ణాలు, వైశాల్యం, కోణాలు అన్నీ ఉన్నాయి. డెబ్బై నాలుగూ నూట ఆరూ ఆమె కలిపి చూసింది.

"ఎవరింటికి?" అందామె.

"మనింటికి."

ఈసారి ఆమె ఒక్క అంగుళం కూడా తగ్గించలేదు.