గాజుల లెక్కతో గ్లవ్స్

ఎర్ర తోలు గ్లవ్ స్పందన బొటనవేలి దగ్గరికొచ్చి ఆగిపోయింది.

"శశీ, ఇవి ఎవరి చేతులనుకుని కొన్నావ్?"

న్యూజిలాండ్‌లో జులై అంటే చలికాలం. వెల్లింగ్టన్ స్టేషన్‌లో గాలి వానని ప్లాట్‌ఫాం మీదికి అడ్డంగా కొడుతోంది. మేం ఇళ్ళకెళ్ళే లోవర్ హట్ ట్రైన్‌కి ఇంకా పదకొండు నిమిషాలు. ఆదివారం ఆమె కొత్త ఉద్యోగానికి హామిల్టన్ వెళ్ళిపోతోంది. అక్కడ రోటోటూనా అనే పేటలో ఫ్లాట్ కూడా చూసుకుంది. రెండేళ్ళుగా ఇదే ట్రైన్‌లో పక్కన కూర్చుని నేను చెప్పలేకపోయిన మాట ఈ గ్లవ్స్ చెబుతాయని ఇటలీలోని ఫ్లోరెన్స్ నుంచి మోసుకొచ్చాను. అవీ నాలాగే సగంలో ఇరుక్కున్నాయి.

"అసలు సైజు ఎలా చెప్పావ్?"

"లెక్కేశాను."

"ఏం లెక్క?"

ఆఫీస్ ట్రైనింగ్‌కి ఇటలీ వెళ్తున్నానని తెలియగానే ఇక్కడి తెలుగువాళ్ళందరూ లిస్టులిచ్చారు. రమామణి ఆంటీ అడిగిన హ్యాండ్‌బ్యాగ్‌ని అక్కడి ఒక పెద్ద షాపులో సేల్స్‌మన్ పసిబిడ్డని ఎత్తినట్టు ఎత్తి చూపించాడు. స్పందన ఒక్కతే ఏమీ అడగలేదు. నాలుగు రోజులు ఆ అడగకపోవడం గురించే ఆలోచించాను. ఐదో రోజు తోలు సామాన్ల సంతలో, ఒక ముసలావిడ బండి మీద ఈ ఎరుపు కనబడింది. మండే ఎండలో గ్లవ్సా అని ఆవిడ నవ్వింది. మా ఊళ్ళో చలికాలమన్నాను. టేపు తీసి, చేతి కొలత చెప్పమంది.

"ఉగాది ఫంక్షన్‌లో గాజుల స్టాల్ దగ్గర నువ్వు రెండు-నాలుగు సైజు గాజులు తీసుకున్నావుగా. దాన్ని అంగుళాల్లోకి మార్చి, చుట్టుకొలత కట్టి..."

స్పందన నవ్వు ఆపుకోలేక స్తంభం పట్టుకుంది. "అవి మా పక్కింటి వేదవతి ఆంటీకి! ఆవిడ రాలేదని నేను తీసుకున్నా. నాది రెండు-ఆరు!"

"అయితే ఆంటీకే ఇచ్చెయ్."

తేలిగ్గానే అన్నాను. బాగా కావాలనుకున్నదాన్ని అక్కర్లేదన్నట్టు వదిలెయ్యడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు.

"ఇవ్వను." గ్లవ్‌ని ఒక్కో వేలూ జాగ్రత్తగా తీసింది. "అందరి లిస్టుల్లో నాది ఎందుకు లేదో తెలుసా? అడిగితే ఎవరికైనా తెస్తావు. అడక్కపోతే ఎవరికి తెస్తావో చూద్దామని."

గాలి కాసేపు ఆగినట్టనిపించింది. ఆగలేదు.

"మూడు నెలల పైన నా సైజు గుర్తుపెట్టుకున్నావా?"

"తప్పుగా."

"తప్పుగానే."

"నీదనుకునే కదా. స్పందనా, నువ్వు లేని సీటు పక్కన కూర్చోవడం నాకు చేతకాదు. నువ్వంటే ఇష్టం. రెండేళ్ళ నుంచి."

"ఇంత చిన్న మాటకి రెండేళ్ళా?" అంది. కళ్ళు మాత్రం గ్లవ్స్ మీదే ఉన్నాయి. "ఇవి మార్చుకోవచ్చా?"

"సరిపోకపోతే గ్లవ్స్ పంపొద్దు, ఆ చెయ్యినే తీసుకురా అంది ముసలావిడ."

ట్రైన్ వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. ఆమె కదల్లేదు.

"అయితే ఈ చెయ్యితో ఫ్లోరెన్స్‌కి నేనొస్తా. టికెట్లు నువ్వు బుక్ చెయ్. అప్పటిదాకా వీకెండ్ వీకెండ్‌కీ నువ్వే హామిల్టన్ రావాలి."

"వస్తాను."

"ఇంకోటి. ఈసారి లెక్కలెయ్యకు. అడుగు."

"చెయ్యి చల్లగా ఉందా?"

"ఉంది."

ఎర్ర గ్లవ్స్‌ని తన బ్యాగులో పెట్టుకుని, ఆ చెయ్యిని నా కోటు జేబులో పెట్టింది. జేబులో నా చెయ్యి ముందే ఉంది. అయినా చోటు సరిపోయింది.