మెడలోతులో కప్ప బండి

ఆ చోటుని మెడలోతు అంటారు. నిజానికి ఎంత లోతో ఎవరికీ తెలీదు. కొలుద్దామని దిగినవాళ్ళు కొలత చెప్పడానికి తిరిగి రాలేదు గనక, ఊళ్ళోవాళ్ళు మర్యాదగా మెడ దగ్గర ఆపేశారు.

ఊరికీ దిబ్బకీ మధ్య నాలుగు మైళ్ళ చిత్తడి. దిబ్బ మీద చేపలు పట్టుకునేవాళ్ళ ఇళ్ళు ఓ నలభై. సరిగ్గా నడిమధ్యన ఈ మెడలోతు. వెనకటికి పడవ నడిపే ఒకాయన, భార్యకి నొప్పులొస్తుంటే మంత్రసానిని తీసుకురావడానికి రాత్రిపూట ఒక్కడే బయల్దేరి, అక్కడ దిగబడిపోయాడట. అప్పట్నుంచీ మంచు పట్టిన రాత్రుళ్ళు రెండు చేతులూ చాచి అక్కడే నిలబడుంటాడట. వచ్చేపోయేవాళ్ళని ఆపుతాడట... ఆపి ఏం చేస్తాడో మాత్రం ఎవరూ చెప్పరు. అది వినేవాళ్ళ ధైర్యాన్ని బట్టి ఎవరికి వాళ్ళు కలుపుకోవాలి.

ఆస్పత్రి పెద్ద డాక్టరుగారు దెయ్యాన్ని నమ్మరు, బురదని నమ్ముతారు. అందుకని కిందటేడు అక్కడో హెచ్చరిక బోర్డు పాతించారు. తెలిసినవాళ్ళు ఎలాగూ అటు వెళ్ళరు, తెలియనివాళ్ళకి చీకట్లో బోర్డు కనిపించదు. అయినా పాతించారు.

నేను దెయ్యాల్ని నమ్మను. మా బావని అసలే నమ్మను. ఈ సంగతి నాకు చెప్పింది నర్సమ్మ కాబట్టి మీకు చెబుతున్నాను. ఆవిడ ముప్ఫై ఏళ్ళుగా కాన్పులు చేస్తోంది. అబద్ధాలాడే తీరిక ఆవిడకి ఎప్పుడూ దొరకలేదు.

బావ అంటే మా అక్క మొగుడు. ఆస్పత్రిలో కప్ప బండి డ్రైవరు. కప్ప బండంటే ఆరు చక్రాలది, తొట్టి లాంటి ఒళ్ళు, నేల మీద నడుస్తుంది, నీళ్ళొస్తే తేలుతుంది, చక్రాలు తిరిగేకొద్దీ ఈదుకుంటూ పోతుంది. అది వచ్చినప్పట్నుంచీ మా బావ కాలు నేల మీద నిలవలేదు. రోజూ సాయంత్రం దానికి తలంటు. సబ్బు, బ్రష్షు, పొడిబట్ట. తర్వాత దాని పక్కన నిలబడి ఒక ఫొటో. పెళ్ళైన పదేళ్ళలో మా అక్క పక్కన నిలబడి తీయించుకున్న ఫొటోలు రెండు.

ఆ బండి ఊరికే రాలేదు. మూడేళ్ళ కిందట దిబ్బ మీద ఒకమ్మాయికి తొలికాన్పు కష్టమైంది. రాత్రివేళ, నీళ్ళు తగ్గిపోయి పడవ కదలదు, బురదలో మనిషి నడవలేడు. నర్సమ్మ ఇవతలి గట్టు మీద సంచీ పట్టుకుని తెల్లారేదాకా నిలబడే ఉంది. ఆవిడ వెళ్ళేసరికి బిడ్డ లేదు. ఆ తర్వాత కదిలిన కాగితాలు కదిలి కదిలి, చివరికి కప్ప బండి వచ్చింది.

ఇక్కడ నా సొంత గోడు కూడా ఒకటుంది. బావకో పసుపు రెయిన్‌కోటు ఉండేది. కిందటేడు మాయమైంది. ఇంట్లో ఉన్నదే నలుగురం. దొంగెవరో తేల్చడానికి బావకి అర నిమిషం పట్టింది. అప్పట్నుంచీ నాలుగు చినుకులు పడితే చాలు—

"ఒరేయ్ బామ్మర్దీ! వానొస్తోంది, నా కోటు తొడుక్కుని వెళ్ళు."

నలుగురిలో అనేవాడు. నవ్వేవాణ్ణి గానీ, లోపల మండేది. తీయని వస్తువుకి ఏడాది పొడుగునా దొంగనయ్యాను.

సరే, ఆ రాత్రి.

పదకొండు దాటాక దిబ్బ నుంచి ఫోనొచ్చింది. అదే అమ్మాయి. రెండో కాన్పు. నెల ముందే నొప్పులు మొదలయ్యాయి. నర్సమ్మ మాట్లాడుతుండగానే ఫోను తెగిపోయింది. ఆవిడ సంచీ సర్దుకుని మా బావ తలుపు కొట్టింది. బావ నిద్రకళ్ళతో చేతికందిన చొక్కా తగిలించుకుని, తాళంచెవి తీసుకుని బయల్దేరాడు.

బయట మంచు. దీపాలు వేస్తే పది అడుగుల అవతల తెల్లటి గోడ. సగం దూరం వెళ్ళేసరికి కప్ప బండి ఎందుకో మొరాయించింది. తేలాల్సిన చోట తేలలేదు. ముక్కుతూ, మూలుగుతూ... మెల్లగా... ముందుకి ఒంగి ఆగిపోయింది.

బావ యాక్సిలరేటరు గట్టిగా నొక్కాడు. ఆరు చక్రాలూ తిరిగాయి. తిరిగిన కొద్దీ బండి ఇంకా కిందికి దిగింది.

"నొక్కకు బాబూ, గొయ్యి తవ్వుతున్నావు," అంది నర్సమ్మ.

"ఇది... మెడలోతు మేడమ్," అన్నాడు బావ గొంతు తగ్గించి. "కింద ఎవరో పట్టుకున్నారు."

"పట్టుకుంటే విడిపించు. అక్కడ పిల్ల నొప్పులు పడుతోంది."

బండి ముందు భాగాన వించి ఉంటుంది. మీట నొక్కితే మోటారు ఇనప తాడుని చుట్టుకుంటుంది. తాడు కొసన ఉన్న కొక్కేన్ని ముందున్న ఏ చెట్టుకో తగిలించి మీట నొక్కితే, బండి తనని తాను లాక్కుంటుంది. దానికి దిగి, నడిచి వెళ్ళి తగిలించాలి. మా బావ దిగుతాడా! బండిలోనే నిలబడి, బలమంతా పెట్టి కొక్కేన్ని మంచులోకి విసిరాడు.

మొదటిసారి ఖాళీగా వచ్చింది. రెండోసారీ అంతే. మూడోసారి... పట్టుకుంది.

"దొరికింది మేడమ్! చెట్టు మొదలు!"

"చిత్తడి మధ్యలో చెట్టెక్కడిది?" అంది నర్సమ్మ.

బావ అప్పటికే మీట నొక్కాడు. తాడు బిగిసింది. మోటారు గుర్రుమంది. బండి అంగుళం కదల్లేదు.

కదిలింది అవతలిది.

మంచులో ఏదో... నిలువుగా, మనిషంత ఎత్తు. రెండు చేతులూ చాచి ఉన్నాయి. తల ముందుకి వాల్చుకుని ఉంది.

బావ మీట వదిలేశాడు. అది ఆగిపోయింది.

ఎక్కడా కప్ప అరుపు కూడా లేదు. వెనక్కి జరగబోయిన బావ మోచెయ్యి మళ్ళీ మీటకి తగిలింది.

గుర్ర్...

అది ఒకడుగు ముందుకొచ్చింది. అటూ ఇటూ ఊగుతూ, బురదలోంచి కాళ్ళీడ్చుకుంటూ నడిచినట్టే వచ్చింది.

"అమ్మో... అమ్మో..." బావ సీటు కిందికి దూరబోయాడు. దూరడానికి కప్ప బండిలో సీటు కింద జాగా లేదు. అప్పటికీ తల వరకూ దూర్చాడు.

నిజం చెప్పాలంటే నర్సమ్మకీ భయమేసిందట. కానీ ఆవిడకి దెయ్యం కన్నా ఆ గట్టు మీద నిలబడ్డ రాత్రంటే ఎక్కువ భయం. ఇంకో పిల్లని పోగొట్టుకుని, ఆ తల్లి మొహం చూసే ఓపిక తనకి లేదనుకుంది.

"బాబూ," అంది మెల్లగా. "నువ్వు మీట నొక్కితే వస్తున్నాడు. వదిలితే ఆగుతున్నాడు. ఇంత చెప్పినమాట వినే దెయ్యాన్ని నేనెక్కడా చూళ్ళేదు. మీట ఇలా ఇవ్వు."

"వద్దు మేడమ్! దగ్గరికొచ్చేస్తాడు!"

"రానీ. ఏం కావాలో అడుగుదాం."

ఆవిడ మీట నొక్కింది. అది వచ్చింది. ఇంకా వచ్చింది. బండి ముక్కుకి తగిలి ఆగింది. నెత్తిన ముసుగు. ముసుగు కింద నల్లగా చీకటి. నర్సమ్మ టార్చి వేసి, చెయ్యి చాచి, ముసుగు పైకెత్తింది.

మొహం లేదు.

మొహం ఉండాల్సిన చోట ఎర్రటి అక్షరాలున్నాయి. "ప్రమాదం. లోతైన బురద. ముందుకు పోరాదు."

బోర్డు. బోర్డుకి అటూ ఇటూ చేతులు చాచుకుని పసుపు రెయిన్‌కోటు. కాలరు లోపల ఎర్రదారంతో చిన్న పువ్వు. బట్టలు తారుమారు కాకుండా మా అక్క కుట్టే గుర్తు.

నర్సమ్మ టార్చి కిందికి దించింది. బోర్డు గుంజకి అడుగున రంగు పోయిన మేర చూస్తే, ఒకటిన్నర అడుగు. అంతే.

"ఇది పాతింది నువ్వే కదా? ఆరడుగులని సంతకం పెట్టావుట?"

బావ సీటు కిందనుంచి తల బయటికి తీశాడు. "అప్పుడు పొద్దు గూకుతోంది మేడమ్... ఉక్కగా ఉందని కోటు తీసి దీనికి తగిలించాను... నీళ్ళలో ఏదో చప్పుడైంది..."

"వదిలేసి పరిగెత్తుకొచ్చావు. వచ్చి బావమరిదిని దొంగని చేశావు."

ఈ ముక్క నర్సమ్మ చేత నాలుగుసార్లు చెప్పించుకున్నాను.

అప్పుడు చూసుకుంది ఆవిడ, తన కాళ్ళు చీలమండల దాకా తడిసి ఉండటం. నీళ్ళు బండి బయట కాదు, లోపల ఉన్నాయి.

"కింద ఎవరో పట్టుకున్నారన్నావు. అడుగున రంధ్రాలుంటాయిగా, వాటి బిరడాలేవి?"

కప్ప బండి కడిగినప్పుడు లోపలి నీళ్ళు పోవడానికి అడుగున మూడు కన్నాలుంటాయి. వాటికి రబ్బరు బిరడాలు. సాయంత్రం తలంటు పోసేటప్పుడు బావ వాటిని పీకి, జాగ్రత్తగా జేబులో వేసుకున్నాడు. ఇప్పుడు జేబు తడుముకున్నాడు. ఖాళీ. ఇది వేరే చొక్కా. ఆ చొక్కాని మా అక్క బకెట్లో నానబెట్టింది. బకెట్లో నీళ్ళు ఎటూ కారిపోకుండా మూడు బిరడాలూ ఆ రాత్రంతా అక్కడ కాపలా కాశాయి.

నర్సమ్మ తిట్టలేదు. తిట్టడానికి టైము లేదు. చేతి తొడుగుల్లో దూది కుక్కి, పైన కట్టుగుడ్డ చుట్టి, మూడు కన్నాలూ మూసేసింది. మందుల డబ్బా ఖాళీ చేసి ఇద్దరూ నీళ్ళు తోడారు. బండి కాస్త తేలికైంది గానీ, బురద వదల్లేదు. వించికి పట్టు దొరకాలి. ఎదురుగా పది గజాల్లో గడ్డి మొలిచిన గట్టి మిట్ట ఒకటుంది. దాని మీద చెట్టూ లేదు, రాయీ లేదు.

"ఈ బోర్డుని అక్కడ అడ్డంగా పాతిపెట్టు," అంది నర్సమ్మ. "దాని నడుముకి వించి తాడు కట్టు. అదే మనకి చెట్టు."

"నేనా? అక్కడికా?"

"నీ దెయ్యం ఇక్కడికొచ్చేసిందిగా బాబూ. ఇంక అక్కడెవరుంటారు? వెళ్ళు."

సీటు చెక్కలు రెండూ మార్చి మార్చి ముందు వేసుకుంటూ, వాటి మీద పాకుతూ వెళ్ళాడు. పార తీసి తవ్వాడు. ఒకటిన్నర అడుగు దగ్గర ఆగి వెనక్కి చూశాడు. నర్సమ్మ టార్చి బావ మొహం మీదే ఉంది. ఇంకో రెండడుగులు తవ్వాడు. జీవితంలో మొదటిసారి చెప్పినంత లోతు తవ్వాడు. బోర్డుని గోతిలో పడుకోబెట్టి, తాడు కట్టి, మట్టి కప్పి తొక్కాడు.

ఈసారి వించి గుర్రుమంటే బోర్డు కదల్లేదు. కప్ప బండే కదిలింది. బురద పెద్ద త్రేనుపు త్రేన్చి వదిలేసింది.

తాడు విప్పేశారు. బోర్డు గోతిలోనే ఉంది. కోటు మిట్ట మీద పడి ఉంది.

"కోటు తెచ్చుకోవా?" అంది నర్సమ్మ.

"వద్దు మేడమ్. ఇంకెప్పుడైనా."

దిబ్బ చేరేసరికి రెండున్నర. ఇంకో ఇరవై నిమిషాలు ఆలస్యమైతే ఏమయ్యేదో నర్సమ్మ చెప్పలేదు. బిడ్డ మెడకి పేగు చుట్టుకుని ఉందని మాత్రం చెప్పింది. ఆడపిల్ల. మొదట ఏడవలేదు. తర్వాత ఏడ్చింది. ఆ ఏడుపు వింటూ ముప్ఫై ఏళ్ళుగా కాన్పులు చేసిన నర్సమ్మ గుమ్మంలో కూర్చుని తనూ ఏడ్చిందట. దిబ్బ మీద వాళ్ళంతా ఆ ఇంటి ముందే ఉన్నారు, తెల్లారేదాకా ఒక్కరూ కదల్లేదు.

తెల్లారింది. మంచు విడిపోయింది. ఇద్దరూ తిరుగుదారి పట్టారు. బావ అప్పటికే ధైర్యం తెచ్చుకుని, దెయ్యంతో తను పట్టిన కుస్తీ కథ అల్లుతున్నాడు.

మెడలోతు దగ్గరికొచ్చేసరికి బండి దానంతటదే ఆగినట్టు ఆగింది.

బోర్డు నిలబడి ఉంది.

గడ్డి మిట్ట మీద కాదు... దాని పాత చోట్లో. తిన్నగా, నిటారుగా, రాత్రి కన్నా బాగా పొట్టిగా. అక్షరాల మీద బురద కూడా లేదు. మిట్ట మీద గొయ్యి పూడ్చేసి ఉంది, పైన గడ్డి చదునుగా పరిచి ఉంది. చుట్టూ ఎక్కడా అడుగుజాడ లేదు. బండి పక్కకి పోనిచ్చి, నర్సమ్మ రెండు చేతులతో గుంజ పట్టుకుని ఊపింది. ఊగలేదు.

బావ కుస్తీ కథ అక్కడే ఆగిపోయింది.

తర్వాత పెద్ద డాక్టరుగారు మనుషుల్ని పంపి, ఇనప చువ్వ దింపి కొలిపించారు. గుంజ లోపల సరిగ్గా ఆరడుగులుంది. మా బావ రిపోర్టులో రాసిన ఒక్క నిజం అదే. రాసింది కిందటేడు, నిజమైంది ఈ యేడు.

కోటు మాత్రం లేదు. మిట్ట మీదా లేదు, బోర్డు మీదా లేదు.

మొన్న మళ్ళీ వానొచ్చింది. అరుగు మీద నలుగురూ కూర్చున్నారు. నేను కావాలనే బావ మొహంలోకి చూస్తూ, "బావా, వానొస్తోంది, కోటేదీ?" అన్నాను.

బావ నా వంక చూళ్ళేదు. చిత్తడి వైపు చూశాడు. ఏడాదిగా నన్నన్న మాటలకి క్షమాపణ అడుగుతాడనుకున్నాను. అడగలేదు.

లోపలి నుంచి మా అక్కే అంది, బియ్యం చెరుగుతూ, తల ఎత్తకుండా.

"పోనీలెండి. ఆ పడవాయన ఎన్నేళ్ళ నుంచి నానుతున్నాడో పాపం... చలేసి ఉంటుంది."