యంత్రం ఊపిరి

"నాన్నా, ఇది విను. 'హీరో గాల్లో ఎగిరినంతసేపూ కథ నేల మీద పాకింది.' ఒకటిన్నర స్టారు!"

చిట్టి ఒక చేత్తో బ్రెడ్డు ముక్క, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని చదువుతోంది. సినిమా విడుదలై నాలుగు రోజులైంది. ఆ నాలుగు రోజులూ ఆ ఇంట్లో పొద్దున్నే కాఫీతో పాటు తిట్లు కూడా వేడివేడిగా దిగుతున్నాయి. తిట్లన్నీ హీరోకి, దర్శకుడికి, కథ రాసినవాడికి. వాళ్ల నాన్నకి మాత్రం పొగడ్తలే.

"ఇది కూడా విను. 'ఒళ్లు జలదరించేది ఒక్కటే, నగరం అడుగున ఉన్న ఆ యంత్రం ఊపిరి. ఆ చప్పుడు చేసినవాడికో దండం.' దండం అట నాన్నా!"

"ఆఁ, సరేలే" అన్నాడాయన కాఫీ కప్పులోకి చూస్తూ.

వాళ్లుండే మేడలో ఆయన్ని అందరూ చప్పుళ్లాయన అంటారు. తెర మీద మనిషి నడిస్తే అడుగుల చప్పుడు, తలుపు మూస్తే తలుపు చప్పుడు స్టూడియోలో విడిగా తయారుచేయడం ఆయన పని. క్యాబేజీ విరిస్తే ఎముక విరిగినట్టుంటుంది. తడి తువ్వాలు బకెట్ అంచుకేసి కొడితే విలన్ దవడ పగిలినట్టుంటుంది. ఇరవై రెండేళ్లుగా ఇదే బతుకు. కొన్న కూరగాయల్లో సగం వంటింటి మొహం చూడవని భార్య దెప్పుతూ ఉంటుంది.

ఈ సినిమా రాబోయే కాలం గురించి. అప్పటికి గాలి కూడా రేషనే. మనిషికి రోజుకి ఇన్ని ఊపిరులని లెక్క, దాటితే తుపాకులు. నగరం మొత్తానికీ గాలి పంచే ఒక మహా యంత్రం నేల కింద ఆయాసపడుతూ ఉంటుంది. దాన్ని పేల్చడానికి హీరో రెండున్నర గంటలు దూకుతాడు, కాలుస్తాడు, మళ్లీ దూకుతాడు. చూసినవాళ్లు రెండో రోజుకే పెదవి విరిచేశారు. కానీ ఆ యంత్రం ఊపిరిని మాత్రం ఫోన్లలో రింగ్‌టోనుగా పెట్టుకున్నారు. చిట్టి అందరికంటే ముందు పెట్టుకుంది.

"ఈ ఆదివారం నేనూ వస్తా. ఊరంతా చూసి తిడుతుంటే ఇంట్లో ఉన్నదాన్ని నేను చూడకపోతే ఎలా?" అంది ఆయన భార్య టీచరమ్మ, లంచ్ బాక్సు మూత నొక్కుతూ.

"వద్దులే. హాల్లో ఏసీ, తెర నిండా పొగ. నీకు పడదు."

"తెర మీద పొగకి నాకు ఆయాసం వస్తుందా? చోద్యం కాకపోతే!"

చిట్టి పకపకా నవ్వింది. ఆయన నవ్వలేదు. కప్పు అక్కడే వదిలేసి స్నానానికి లేచాడు.

టీచరమ్మది లెక్కల సబ్జెక్టు. పద్దెనిమిదేళ్లుగా ఉబ్బసంతో కాపురం చేస్తోంది. సుద్దముక్క పొడి పడదని తెలిసీ బోర్డు వదలని మొండి మనిషి. ఆ రోజు ఏడో తరగతిలో భిన్నాలు చెబుతూ బోర్డు వైపు తిరిగిందో లేదో, వెనక బెంచీల్లోంచి చప్పుడు మొదలైంది. రెండు పొట్టి ఊపిరులు, ఒక పొడుగుది, చివర సన్నటి ఈల. అటు తిరిగితే ఇటు, ఇటు తిరిగితే అటు. క్లాసంతా కిసుక్కుమంది.

"ఎవరది? నన్నేనా వెక్కిరించేది?"

"మిమ్మల్ని కాదు టీచర్! సినిమాలో యంత్రం టీచర్!"

ఆమె నమ్మలేదు. అందరినీ నిలబెట్టి మందలించి, స్టాఫ్‌రూమ్‌కి వచ్చి కూర్చుంది. పది నిమిషాల్లో సైన్సు టీచరు ఫోను మోగింది. అదే ఊపిరి. ఈసారి అసలుది.

"ఇంకోసారి వినిపించండి" అంది టీచరమ్మ.

మళ్లీ మళ్లీ వింది. ఊపిరి బాగా నెమ్మదించింది, లోతు పెరిగింది, బావిలోంచి వస్తున్నట్టుంది. అయినా తన ఆయాసం తనకి తెలియదా? పైగా ఆ ఊపిరి వెనక ఇంకో చిన్న చప్పుడుంది. వాళ్ల పడకగదిలో టేబుల్ ఫ్యాను మెడ ఎడమకి తిరిగినప్పుడల్లా టిక్కుమంటుంది. బాగుచేయించమని ఆమె చెప్పని రోజు లేదు, ఆయన విన్న రోజు లేదు.

సాయంత్రం ఆయన వచ్చేసరికి ఆమె మంచం మీద కూర్చుని ఉంది. ఫ్యాను తిరుగుతోంది.

"ఎప్పటిది?" అంది.

ఆయన అబద్ధం ఆడలేదు. చెప్పుల్లో కాళ్లు ఇంకా అలాగే ఉన్నాయి. "పోయిన వానాకాలంది. కిటికీ రేకు మీద వాన చప్పుడు కోసం రికార్డర్ పెట్టా. ఇంతలో నీకు ఆయాసం ఎక్కువైంది."

"ముందు నా మందు వెతికారా, మీ మిషను చూసుకున్నారా?"

"మందే! ఒట్టు. పరిగెత్తుకెళ్లి తెచ్చా. నీకు పట్టించా. నువ్వు తేరుకోవడానికి పావుగంట పట్టింది కదా. అప్పుడు..." ఆయన ఆగిపోయాడు. "అప్పుడు రికార్డర్ ఎర్ర దీపం కనిపించింది."

"కనిపిస్తే?"

"ఆపలేదు."

గుమ్మంలో చిట్టి నిలబడి ఉంది. "నాన్నా, అది అమ్మా?" అంది.

"ఆ రోజు పోతాననే అనుకున్నా," అంది టీచరమ్మ. "మీ చెయ్యి నా వీపు నిమురుతూ ఉంది. ఆ చెయ్యి ఉందిలే, ఏం కాదు అని ధైర్యం తెచ్చుకున్నా. చెయ్యి ఇక్కడ, చెవి అక్కడ అన్నమాట!"

"అది నీదని ఎవరికీ తెలియదే. ఎంత మార్చానో నీకు తెలియదు."

"నాకు తెలిసింది కదండీ. ఇవాళ నా పిల్లలు నా ముందే నా ఆయాసాన్ని వెక్కిరించి, యంత్రం టీచర్ అన్నారు. నవ్వుకోమననా?"

ఆయన చెప్పులతోనే వెళ్లి ఫ్యాను ఆపేశాడు.

ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ స్థిమితంగా కూర్చోలేదు. టీచరమ్మ ఇంట్లో దగ్గడం మానేసింది. గొంతులో గరగర మొదలైతే చాలు, ఏదో గుర్తొచ్చినట్టు లేచి బయటి మెట్ల మీదికి వెళ్లి, ఇన్‌హేలర్ పీల్చి వచ్చేది. రాత్రుళ్లు చిట్టి గదిలో పడుకునేది. ఆయన ఒక గదిలోంచి ఇంకో గదిలోకి ఊరికే తిరిగేవాడు. చిట్టి రింగ్‌టోను మార్చేసింది. కానీ పాలవాడి ఫోను మోగినా, పక్కింటివాళ్ల టీవీలో ప్రకటన వచ్చినా అదే ఊపిరి. ముగ్గురూ ఉలిక్కిపడేవాళ్లు.

శుక్రవారం సాయంత్రం నిర్మాత ఫోన్ చేశాడు. "గురూగారూ, రెండో భాగం తీస్తున్నాం. జనం కథని తిడుతున్నారు గానీ మీ ఊపిరికి పడిపోయారు. అలాంటిదే ఇంకాస్త కావాలి. ఇంకా గట్టిది, చావుకి దగ్గర్లో ఉన్నట్టుండేది."

స్పీకర్‌లో ఆ మాటలు హాలంతా వినిపించాయి. వంటింట్లో గిన్నె కడుగుతున్న చెయ్యి ఆగింది.

"చూద్దాం," అన్నాడాయన. ఇరవై రెండేళ్లలో నిర్మాత అనేవాడు తనకి తానుగా ఫోన్ చేయడం అదే మొదటిసారి. కాదనలేకపోయాడు. ఆ ఒక్క మాటతో టీచరమ్మకి అంతా అర్థమైపోయింది.

ఆదివారం పొద్దున ఆమె స్నానానికి వెళ్లి, కుళాయి పూర్తిగా తిప్పింది. ఆయన హాల్లో పేపరు తిరగేస్తున్నాడు. చిట్టి ఇంకా పక్క మీదే ఉంది. బకెట్ నిండేకొద్దీ నీళ్ల చప్పుడు సన్నబడాలి. అది ఆయనకి వేరేగా ఆలోచించాల్సిన సంగతి కాదు. ఆ చప్పుడు సన్నబడడం లేదు. నీళ్లు బకెట్‌లో పడడం లేదు, నేల మీద పడుతున్నాయి. చెంబు చప్పుడు లేదు, గాజుల చప్పుడు లేదు. మనిషి కదులుతున్న చప్పుడే లేదు.

పేపరు పారేసి తలుపు దగ్గరికి పరిగెత్తాడు. "ఏమేవ్! ఏమేవ్, తలుపు తియ్!"

తలుపు తీయలేదు. నీళ్ల చప్పుడు వెనక నుంచి, గుడ్డ చాటున నొక్కిపెట్టినట్టు ఒక ఈల వినిపించింది. ఆయన భుజంతో గుద్దాడు. రెండోసారికి గడియ ఊడింది. ఆమె తడినేల మీద గోడకి ఆనుకుని ఉంది. పెదాలు నీలంగా మారాయి. చేతిలో ఇన్‌హేలర్ ఖాళీ అయిపోయింది. ఇంకో చేత్తో తువ్వాలు నోటికి గట్టిగా అదుముకుని ఉంది.

"చిట్టీ! అమ్మ బ్యాగులో ఇంకోటుంది, తే!"

చిట్టి తెచ్చింది. ఒకసారి, రెండోసారి, మూడోసారి పట్టించారు. ఆయన ఆమెని ఒళ్లోకి తీసుకుని, తడిసిన వీపు నిమురుతూ కూర్చున్నాడు. చాలాసేపటికి ఆమె పెదాలకి రంగు వచ్చింది. కళ్లు తెరిచి ఆయన మొహంలోకి చూసింది.

"ఆపారా?" అంది.

"ఏంటి?"

"మిషను."

ఆయన భోరుమన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన అలా ఏడవడం ఆమె చూడలేదు. "లేదే, ఏదీ పెట్టలేదే. ఒట్టే. నా మీద ఒట్టు, చిట్టి మీద ఒట్టు!" అంటూ చిన్నపిల్లాడిలా వెక్కిళ్లు పెట్టాడు. ప్రాణం పోతున్నప్పుడు మనిషికి మొగుడు గుర్తు రావాలి, దేవుడు గుర్తు రావాలి. తన భార్యకి రికార్డర్ గుర్తొచ్చింది. అదీ తను ఇన్నాళ్ల కాపురంలో సంపాదించుకున్నది.

డాక్టరు వచ్చి, చూసి, కొత్త మందు రాసి వెళ్లాక ఆయన ఆమె ఎదురుగానే దర్శకుడికి ఫోన్ చేశాడు.

"టీవీకి వెళ్లే కాపీలో ఆ ఊపిరి తీసెయ్యాలి. రేపొచ్చి వేరేది చేసిస్తా."

"అదేంటి గురూగారూ! ఆ సినిమాలో బాగుందన్నదే అది. అది కూడా తీసేస్తే ఇంకేం మిగుల్తుంది?"

"ఏమీ మిగలదు. తిట్లు నాక్కూడా పడతాయి, పడనీ. అది మా ఆవిడ ఊపిరి బాబూ. అడక్కుండా ఎత్తుకొచ్చా. రెండో భాగానికి నన్ను పిలవొద్దని నిర్మాతగారికి కూడా చెప్పు."

ఫోను పెట్టేసి తల దించుకున్నాడు. "హాళ్లలో ఆడుతున్నదాన్ని ఆపలేను. జనం ఫోన్లలోకి వెళ్లిపోయినదాన్ని వెనక్కి తేలేను. నా చేతిలో ఉన్నది ఇంతే."

టీచరమ్మ దిండుకి ఆనుకుని కూర్చుంది. లోపల గరగర ఇంకా పూర్తిగా తగ్గలేదు, గొంతులోకి దగ్గు తన్నుకొస్తోంది. అది కనిపెట్టి ఆయన చటుక్కున లేచి గుమ్మం వైపు నడిచాడు.

"ఎక్కడికి?"

"నేను వింటున్నానని ఇబ్బంది పడతావని. బయట ఉంటా."

"వినొద్దని నేనెప్పుడన్నానండీ? ఇవాళ వినబట్టే కదా బతికున్నా. మీరు కాక నన్నెవరు వింటారు?" ఆమె కళ్లు నిండాయి. "రండి, వచ్చి కూర్చోండి."

ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు. టీచరమ్మ చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, మొహం తిప్పుకోకుండా, తనివితీరా దగ్గింది.