ఫ్యాను ఆపేసే కోడలు

“నా గదిలో ఫ్యాను తిరిగితే మీ ఆవిడకి కడుపుమంట రా. మధ్యాహ్నం నేనిలా కునుకు తీస్తే చాలు, వచ్చి ఆపేస్తుంది...”

కొడుకింకా చెప్పులైనా విప్పలేదు, అత్తగారు మొదలుపెట్టేసింది. వంటగది గుమ్మంలో నిలబడ్డ కోడలికి కళ్లనీళ్లు గిర్రున తిరిగాయి.

“నిజమేనా?” అన్నాడు భర్త.

“నిజమే. ఫ్యాను తిరుగుతుంటే అత్తయ్య గుండె వినిపించదండీ.”

అత్తగారి గుండెలో పాడైన కవాటం తీసి లోహపుది పెట్టి చాలా ఏళ్లయింది. గదిలో అలికిడి లేకపోతే అది టిక్కుటిక్కుమనడం పక్కవాళ్లకీ వినిపిస్తుంది. కాపురానికొచ్చిన కొత్తలో ఆ చప్పుడుకి హడలిపోయిన పిల్ల, ఇప్పుడది వినకపోతే బతకలేదు! రోజూ ఆ వేళకి కుట్టుమిషను ఆపి, ఫ్యాను కట్టేసి, చెమటలు కక్కుతూ మంచం పక్కనే కూర్చుంటుంది.

“ఈమధ్య ఆగి ఆగి కొట్టుకుంటోంది. నిన్నైతే ఇక కొట్టుకోదేమో అనుకున్నా. చెబితే నా చావు కోరుతున్నావా అంటారని...” అంది కోడలు.

అత్తగారు తల దించుకుంది. “కళ్లు తిరుగుతున్నాయి రా. చెబితే మళ్లీ గుండె కోస్తారని దాచాను.”

ఆస్పత్రిలో డాక్టరమ్మ పేస్‌మేకర్ పెట్టాల్సిందేనంది. “మామూలుగా దాని తీగను కుడివైపు కవాటంలోంచి పంపుతాం. మీకు లోహపుది ఉన్నది సరిగ్గా అక్కడే. తీగ అడ్డుపడితే ఆ కవాటం రెక్కలు మూసుకోవు.”

“అంటే మళ్లీ కోతే కదా. నన్నిలా వదిలెయ్యండమ్మా.”

“తొందరపడకండి. గుండెకి సొంత సిర ఒకటుంది, అందులోంచి పెట్టి చూస్తాం. భుజం కింద చిన్న గాటు, అంతే. అలా కుదరకపోతే అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం.”

అత్తగారు కొడుకువైపు చూడలేదు. కోడలివైపు తిరిగింది. “నువ్వేమంటావే?”

ఆ ఇంట్లో ఆమెనొకరు అలా అడగడం అదే మొదలు!

“నాకు మీరు కావాలి అత్తయ్యా.”

“అయితే పెట్టించండి” అంది అత్తగారు, పెద్ద ఉపకారం చేస్తున్నట్టు.

తీగ సిరలోంచే కుదిరింది. మర్నాడు పొద్దున ఆడపడుచు పిల్లాజెల్లాతో గోలగోలగా వార్డులోకి వచ్చింది. “ఎలా ఉన్నావమ్మా?”

తల్లి పెదాలమీద వేలు పెట్టుకుంది. మంచం పక్క కుర్చీలో కోడలు నోరు తెరుచుకుని ఒళ్లు తెలియకుండా పడి ఉంది.

“నాకేం, గుండ్రాయిలా ఉన్నాను. బయట కూర్చోండే కాసేపు... పిల్ల ఇన్నాళ్లకి నిద్రపోయింది.”