తుడిచేసిన గీతలు

ఉదయం ఏడింటికి ఆయన కూతురి గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. టీవీ కింద ఉన్న గేమ్ పెట్టె మీట నొక్కాడు. ముందు ఎర్ర లైటు వెలిగింది. పెట్టె నెట్‌లోకి వెళ్లి కంపెనీకి హాజరు చెప్పి వచ్చి, తెల్ల లైటు వెలిగేదాకా మంచం అంచున కూర్చున్నాడు.

రోజుకొక్కసారి ఆ హాజరు పడాలి. పడకపోతే ఆట తెరుచుకోదు. ఈ సంగతి ఆయనకు కూతురే చెప్పింది. కూతురు పోయి తొమ్మిది నెలలైంది. ఈ తొమ్మిది నెలల్లో ఆయన ఒక్కరోజు కూడా తప్పలేదు.

"టీ చల్లారిపోతోంది," అని వంటింట్లోంచి భార్య అంది.

"వస్తున్నా."

"పెట్టె హాజరు మాత్రం తప్పదు. మనిషి హాజరే పడదు."

ఆయన వచ్చి నిలబడే టీ తాగాడు. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. పనిముట్ల సంచి గుమ్మం పక్కనే ఉంటుంది. ఆమె ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు సరిచేస్తుంది. మెడలో కొలత టేపు నిద్రపోయేటప్పుడు తప్ప తీయదు.

"ఇవాళ ఎక్కడ?"

"ఆసుపత్రి. రెండో లిఫ్టు మధ్యలో ఆగిపోతోందట." గ్లాసు కింద పెట్టాడు. "ఆ ఆసుపత్రి కాదులే."

ఆమె తల వంచుకుని ఒక ప్యాంటు అంచు విప్పుతోంది. విప్పుతూనే అడిగింది.

"ఆ గది ఖాళీ చేద్దామన్నాను. ఏమంటారు?"

"చూద్దాం."

"తొమ్మిది నెలల నుంచి చూస్తూనే ఉన్నారు. నాతో పట్టుమని పది మాటలు లేవు. తలుపేసుకుని ఆ పెట్టెతో మాత్రం అరగంట."

"నేను దానితో ఏం మాట్లాడతానే?"

"అదే నాకూ తెలియడం లేదు," అంది ఆమె. ఆయన సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

పదకొండింటికి చేతిలో పని అయిపోయాక ఆమె ఆ గదిలోకి వెళ్లింది. పెట్టెలోంచి డిస్కు తీసి కవరులో పెట్టుకుంది. అది లేకపోతే ఆయన పొద్దున్నే అక్కడికి వెళ్లడనీ, తలుపు తెరిచి ఉంటుందనీ ఆమె అనుకుంది. అంతకుమించి ఆలోచించలేదు.

రెండు వీధుల అవతల పాత ఆటలు కొనే దుకాణం ఉంది. కౌంటరు దగ్గర ఇరవై అయిదేళ్ల అమ్మాయి కూర్చుంది.

"నాకు డబ్బేమీ వద్దమ్మా. ఆడుకునే వాళ్లెవరైనా ఉంటే ఇచ్చెయ్."

ఆ అమ్మాయి డిస్కును తన మెషీన్‌లో పెట్టి చూసి, తీసి ఇచ్చేసింది.

"తీసుకోలేనండీ. ఇది ఒకరి పేరు మీద ఉంది."

"మా అమ్మాయిది. పాత చొక్కా ఇచ్చినట్టు ఇస్తున్నాను, దానికి పేరేంటి?"

"చొక్కా అయితే పేచీ లేదు ఆంటీ. డిస్కు మీదే. లోపల ఉన్న ఆట మాత్రం మొదట ఎవరి పేరున తెరిస్తే వాళ్లదే. మీ అమ్మాయిని ఒకసారి వచ్చి వదులుకుంటున్నానని నొక్కమనండి, చాలు."

"అది రాలేదమ్మా."

"ఊళ్లో లేరా?"

"లేదు," అంది ఆమె. తర్వాత, "ఎక్కడా లేదు," అంది.

ఆ అమ్మాయి డిస్కు మళ్లీ తీసుకుని మెషీన్‌లో పెట్టింది. ఈసారి చాలాసేపు చూసింది.

"ఆంటీ, దీన్ని ఆవిడే ఒకరికి ఇచ్చేశారు. వాళ్లింకా తీసుకోలేదు. అందుకే ఆగి ఉంది."

"ఎవరికి?"

"టేపమ్మ అని ఉంది."

ఆమె చెయ్యి మెడలోని టేపు మీదికి వెళ్లింది. తమ ఇంట్లో తనను ఆ పేరుతో పిలిచే మనిషి ఒక్కతే ఉండేది.

"ఎప్పుడిచ్చిందో ఉంటుందా?"

అమ్మాయి తేదీ చదివింది. కూతురు పోవడానికి తొమ్మిది రోజుల ముందు.

"చాలా ముందు నుంచీ అనుకుని ఉంటారండీ. ఉన్నపళంగా ఇవ్వడానికి కుదరదు. ఒక ఆటను ఒక్కసారే ఇవ్వొచ్చు. అదీ ముప్పై రోజుల నుంచి మన స్నేహితుల జాబితాలో ఉన్నవాళ్లకే. మధ్యలో తప్పితే మళ్లీ ఒకటి నుంచి. రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి. ఇక్కడికి వచ్చేవాళ్లంతా దాన్నే తిట్టుకుంటారు."

"లెక్కపెట్టుకుంటూ," అంది ఆమె.

ఆమె కౌంటరు పట్టుకుని నిలబడింది. అమ్మాయి కుర్చీ తెచ్చి వేసింది. కూర్చోలేదు.

కూతురిని ఇంట్లో ఉడత అనేవాళ్లు. చిన్నప్పుడు ఏది దొరికినా ఎక్కడో దాచేది, తర్వాత ఇల్లంతా వెతికించేది. కిడ్నీలు పాడయ్యాక రెండేళ్లపాటు వారానికి మూడుసార్లు డయాలసిస్. మిగతా రోజుల్లో ఆ ఆట. ఖాళీ నేల మీద ఊరు కట్టే ఆట అది. "అమ్మా, వచ్చి ఒక్కసారి ఆడు," అని పిలిచేది. "నాకు పనుందే," అనేది ఆమె. ఒకసారి ఉడత మీటలుండే ఆట పలకను మిషను దగ్గరికే తెచ్చింది. "ఈ ఒక్కటీ నొక్కు, మళ్లీ అడగను." పని చెడుతోందని ఆమె అదేమిటో చూడకుండా నొక్కింది. స్నేహితుల జాబితాలో చేరింది అప్పుడే అయ్యుండాలి.

ఆ మర్నాటి నుంచి గది తలుపు వెనక గీతలు మొదలయ్యాయి. బట్టల మీద గుర్తులు పెట్టే సుద్దతో, రోజుకొకటి. ఆమె చూసేసరికి ఇరవై రెండు ఉన్నాయి. డాక్టరు ఏం చెప్పాడో ఉడతకు తెలిసిపోయిందనీ, మిగిలిన రోజులు లెక్కపెట్టుకుంటోందనీ అనుకుంది. తడిగుడ్డ తెచ్చి తుడిచేసింది. "నా ఇంట్లో ఎవరూ రోజులు లెక్కపెట్టకూడదు," అంది. ఉడత రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. అంతకుముందు ఎప్పుడూ అలా లేదు.

సాయంత్రం ఆయన వచ్చేసరికి డిస్కు కుట్టుమిషను మీద ఉంది. ఆయన చేతుల గ్రీజు కడుక్కోకుండానే దాని దగ్గరికి వచ్చాడు.

"దీన్నెందుకు తీశావు?"

"ఇచ్చేద్దామని తీసుకెళ్లాను. నా పేరున ఉందట. మీకు తెలుసా?"

ఆయన గది తలుపు వైపు చూశాడు.

"అడుగుతున్నాను. తెలుసా?"

"తెలుసు."

"అది చెప్పిందా?"

"చెప్పింది. నేను చెబితే అమ్మ పనుందంటుంది, నువ్వే మెల్లగా చెప్పి నొక్కించు నాన్నా అంది."

"ఎప్పుడు?"

"చివరి వారం."

"చివరి వారం నా కూతురు నాకు ఒక మాట పంపింది. దాన్ని తొమ్మిది నెలలు మీ జేబులో పెట్టుకు తిరిగారు."

"విను..."

"నేను తెలియక ఇచ్చేయబోయాను. మీరు తెలిసి దాచారు. ఉడత మీ పోలికే అంటారు అందరూ. నిజమే."

ఆయన వెనక్కి వెళ్లి గుమ్మంలో సంచి మీద కూర్చున్నాడు.

"నువ్వు తీసుకున్నావంటే ఆట దాని పేరు మీద ఇక తెరుచుకోదే. అది కట్టిన ఊరు మూతపడిపోతుంది. నీకు వచ్చేది ఖాళీ నేల. నేను పొద్దున్నే వెళ్లేది ఆ ఊళ్లోకి. ఏమీ చెయ్యను, ఊరికే వీధుల్లో తిరిగి వస్తాను. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే ఉన్నాను. ఒక్కరోజు, ఇంకొక్కరోజు. అంతే."

 ఆమె గీతల సంగతి చెప్పింది. అవి దేనికో ఆయనకు తెలుసు. తుడిచింది ఎవరో తెలియదు.

"అదే తుడుచుకుందనుకున్నాను," అన్నాడు.

"నేనే. తడిగుడ్డతో. నాకివ్వడానికి లెక్కపెడుతుంటే నేనే తుడిచాను." టేపును మెడలోంచి తీసి చేతికి చుట్టుకుంది, విప్పింది, మళ్లీ చుట్టుకుంది. "ఎందుకే ఈ గీతలు అని అడిగి ఉండొచ్చు కదండీ. ఒక్క ముక్క."

ఆయన లేచి, డిస్కు తీసుకుని, ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. గ్రీజు అంటుకుంది. ఇద్దరూ చూసుకోలేదు.

"రా. ముందు ఊరు చూద్దువుగాని."

ఇద్దరూ మంచం అంచున కూర్చున్నారు. ఆయన ఒక్కో వీధీ చూపించాడు. ఏటి మీద వంతెన, బడి, నూట నాలుగు ఇళ్లు. ఒక మూడంతస్తుల మేడ ముందు బోర్డు ఉంది. 'లిఫ్టు పనిచేయదు. నాన్న వస్తాడు.' ఆయన అక్కడ ఆగలేదు. రోజూ ఆగేచోటు అదేనని ఆమెకు ఆ తొందరలోనే అర్థమైంది.

వంతెన దాటాక చిన్న దుకాణం. లోపల కుట్టుమిషను, దాని వెనక ఒక కుర్చీ, ఎదురుగా ఇంకో కుర్చీ. రెండూ ఖాళీగా ఉన్నాయి.

"ఎదురు కుర్చీ ఎవరికి?" అంది ఆమె.

"దానికే. నీ పని అయ్యేదాకా కూర్చుంటానంది."

ఆమె కొంగుతో ముఖం మూసుకుంది. ఆయన తెరను అక్కడే ఆపి, ఆమె చెయ్యి దించేదాకా కదలకుండా ఉన్నాడు.

"రెండేళ్లలో అది నన్ను అడిగింది ఇదొక్కటే," అంది చివరికి. "అడిగిన ప్రతిసారీ పనుందన్నాను. ఇప్పుడు కూడా తీసుకోకపోతే అదే మాట మళ్లీ అన్నట్టు. కానీ ఊరు పోతుంది. మీరు వద్దంటే నొక్కను."

ఆయన ఊరి మొదటి వీధికి తిరిగి వెళ్లాడు. మేడ దగ్గర ఆగాడు. బోర్డు ఒకసారి పైకి చదివాడు. తర్వాత ఆట పలక ఆమె చేతిలో పెట్టాడు.

"కుడివైపు ఆకుపచ్చది. అదే నొక్కాలి."

నొక్కింది. తెర నల్లబడి మళ్లీ వెలిగింది. నేల, ఒక బావి, ఒక గుడిసె. మనిషి జాడ లేదు. ఆయన గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. కూతురిని పూడ్చిపెట్టిన రోజున కూడా ఆమె అది వినలేదు. ఆయన తలను తన భుజానికి ఆనించుకుని, గ్రీజు చేతిని తన చేతిలోకి తీసుకుంది.

తెర మూలన ఏవో అక్షరాలు ఉన్నాయి. ఆయన కళ్లు తుడుచుకుని చదివాడు.

"టేపమ్మ. స్నేహితులు, ఒకరు. ఉడత. మీ స్నేహం, మూడు వందల పదకొండు రోజులు."

"ముప్పై కదా?"

"ముప్పైతో ఆపలేదు అది. లెక్కపెడుతూనే ఉంది."

మర్నాడు ఉదయం ఏడింటికి ఆయన టీ కాచి రెండు గ్లాసులతో వచ్చాడు. గది తలుపు బార్లా తీసి ఉంది. ఆమె అప్పటికే మంచం అంచున కూర్చుని ఉంది.

"చల్లారిపోతోంది," అన్నాడు.

"ఉండండి. హాజరు పడనివ్వండి."

ఎర్ర లైటు పోయి తెల్ల లైటు వచ్చింది. ఆమె ఆయన వైపు తిరిగింది.

"ఇవాళ ఎంత?"

"మూడు వందల పన్నెండు," అని ఆయన చదివాడు.