ఒహాతోలో టాక్సీ దొరుకుతుంది

మే తొమ్మిదో తేదీన గెంజి పోయాడు.

ఆ రోజు నాగసాకి రేవులో సిల్వర్ హెరాన్ ఓడ ఆగి ఉంది. సాయంత్రం అయిదున్నరకి, ప్రయాణికులందరూ వెనక్కి రావాల్సిన వేళకి, ఓడ పొడవుగా కూత పెట్టింది. ఓడ వెళ్లిపోయాక జెట్టీ కింద నీళ్లలో అతని శరీరం దొరికింది. అతను పనిచేసిన నిఘా ఆఫీసు కాగితంలో గుండెపోటు అని రాశారు. మెడ వెనక దిగిన గుండు గురించి ఏమీ రాయలేదు.

పద్నాలుగేళ్లు అతనితో కలిసి పనిచేసిన కురియామ చిసాతోకి అతని సంచి ఇచ్చారు. ట్రామ్ కార్డు, నీళ్ల సీసా, మడత గొడుగు, చేతి తువ్వాలు. అంతకు మించి ఏమీ లేవు.

"ఓడ రేవుకొచ్చిన రోజున మొహాలు చూడకు, సంచులు చూడు," అనేవాడు గెంజి. "సాయంత్రం తిరిగొచ్చే మనిషి సంచి తేలిగ్గా ఉంటుంది. ఎక్కువ మోస్తున్నాడంటే వాడు వెనక్కి రాడు."

ఆ లెక్కన గెంజి తిరిగి రావాలనే బయల్దేరాడు. చిసాతో సంచి మూసి బీరువాలో పెట్టింది.

ఆగస్టు పద్నాలుగు మధ్యాహ్నం, సెక్షన్ అధికారి ఉసుయి ఆమెను పిలిచాడు.

"రేపు సిల్వర్ హెరాన్ మళ్లీ వస్తోంది. కూర్చో."

ఆమె కూర్చుంది.

"షిప్‌యార్డ్ ఇంజనీరు ఓగుచి రేపు జలాంతర్గామి డ్రాయింగులు చేతులు మారుస్తాడు. అందుకునేవాడు ఓడలోంచి దిగుతాడు. వాడెవరో నీకు మార్గో చెబుతుంది."

మార్గో లిన్ ఓడలో గాయని. కోబేలో పెరిగింది, జపనీస్ తడుముకోకుండా మాట్లాడుతుంది. రెండేళ్లుగా అవతలి గూఢచారుల ముఠా జీతం తింటూ ఆ ముఠా కబుర్లు ఈ ఆఫీసుకి చేరవేస్తోంది.

"ఓగుచిని ఇప్పుడే పట్టుకోవచ్చు కదా సార్? మేలో గెంజి వెంబడించింది అతన్నే. గెంజిని ఎవరు చంపారో చూసినవాడంటూ ఉంటే అతనొక్కడే."

"ఖాళీ చేతుల వాణ్ణి పట్టుకుంటే రేపే వదిలేయాలి. నాకు ఇద్దరూ కావాలి." ఉసుయి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇంకో మాట. గెంజి వాళ్లమ్మ మళ్లీ ఫోన్ చేసింది. పడవ సంగతి."

నాగసాకిలో ఆ ఏడాది మనిషి పోయిన ప్రతి ఇల్లూ ఒక పడవ కడుతుంది. ముందు భాగాన పోయినవాళ్ల పేరు రాసి, ఫోటో పెట్టి, ఆగస్టు పదిహేను సాయంత్రం టపాకాయల మోతతో వీధుల వెంట లాక్కెళ్లి ఆత్మను సాగనంపుతుంది. పోయినవాళ్లకి అది తొలి బోన్, ఆత్మలు ఇంటికొచ్చి వెళ్లే పండగ. ఎవరికైనా తొలి బోన్ ఒక్కసారే.

"ఫోటో పెడితే మన మనిషెవరో వాళ్లకి తెలిసిపోతుంది," అన్నాడు ఉసుయి. "వద్దని నువ్వే చెప్పు."

"చంపినవాళ్లకి తెలియకుండా ఉందా సార్?"

ఉసుయి కళ్లజోడు పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం చిసాతో ఆమెకి ఫోన్ చేసింది. గెంజి తల్లి అంతా విని, "నేను పడవకి వెదురు కొనేశానమ్మా," అంది.

మర్నాడు పొద్దున ఎనిమిదికి చిసాతో జెట్టీ దగ్గర పర్యాటకుల సమాచార కేంద్రంలో, ఎప్పటి వేషంలోనే, పసుపురంగు చొక్కా వేసుకుని బల్ల వెనక నిలబడింది. చెవిలో నారింజరంగు స్పాంజి బిరడా. టపాకాయల మోతకి ఊళ్లో అందరూ ఆ రోజు కొనుక్కునేవే. ఆమె బిరడాలో మాత్రం రేడియో ఉంది.

జనం దిగారు. ఆమె అందరికీ ఒకటే చెప్పింది.

"ఓడ కార్డు, అనుమతి కాగితం పై జేబులో పెట్టుకోండి. పాస్‌పోర్టు ఓడలోనే ఉండనివ్వండి. నీళ్లు, టోపీ తీసుకోండి. ఇవాళ నాలుగు దాటితే ఊరి మధ్య ట్రామ్‌లు నడవవు, రోడ్లు మూసేస్తారు. అయిదున్నరకల్లా ఓడలో ఉండాలి. ఓడ ఎవరి కోసమూ ఆగదు."

"ఈ ఎండలో నడిచి రావాలా తల్లీ?" అన్నాడు ఒసాకా నుంచి వచ్చిన ఒక పెద్దాయన. "మోకాళ్లు నువ్విస్తావా?"

"నావీ అరిగిపోయాయి తాతగారూ. మూడింటికే ట్రామ్ ఎక్కేయండి."

"విన్నావా?" అన్నాడాయన భార్యతో. "నీ షాపింగ్ మూడింటికి బంద్."

"మోకాళ్లు నావి బాగానే ఉన్నాయి. మీరెళ్లండి," అందావిడ.

పదిన్నరకి మార్గో వచ్చింది. తెల్ల గౌను, వెడల్పాటి టోపీ, భుజాన పెద్ద గడ్డి సంచి. వరసలో ఉన్న మగవాళ్లు పక్కకి జరిగి దారిచ్చారు.

"ట్రామ్ ముందునుంచే ఎక్కమంది మా అమ్మమ్మ," అంది. అది కోడ్.

"వెనక ఎక్కండి, ముందు దిగండి. చిల్లర దిగేటప్పుడు," అంది చిసాతో.

మార్గో మ్యాప్ మీదికి వంగింది. "ఆకుపచ్చ టోపీ, కుంటి నడక. పీస్ పార్క్‌కి వెళ్తున్నాడు. ఇచ్చిపుచ్చుకోవడం అక్కడే, సాయంత్రం." నవ్వుతూ మ్యాప్ మడిచి, పెట్టుకోవడానికి సంచి తెరిచింది.

చిసాతో చూపు సంచిలో పడింది. నీళ్ల సీసా లేదు. ఫోన్ చార్జర్ ఉంది. పదిహేను గళ్ల మాత్రల డబ్బా ఉంది, ప్రతి గడీ నిండుగా. దాని కింద ముదురు ఎరుపు పాస్‌పోర్టు అంచు.

సాయంత్రం ఓడెక్కి పాట పాడాల్సిన మనిషికి పదిహేను రోజుల మాత్రలు దేనికి?

"అన్నట్టు," అంది మార్గో, సంచి మూస్తూ. "అయిదింటికి ఒహాతో దగ్గర స్నేహితురాల్ని కలవాలి. పడవల ఊరేగింపట కదా. అక్కడికి టాక్సీ వస్తుందా?"

ఒహాతో ఊరేగింపు ముగిసే చోటు. ఊళ్లో పడవలన్నీ చివరికి చేరేది అక్కడికే. అయిదింటికి అక్కడికి సైకిల్ కూడా రాదు. ఆ బల్ల వెనక చిసాతో ఇంతవరకు ఎవరికీ తప్పు దారి చెప్పలేదు.

"వస్తుంది," అంది. "మోత ఎక్కువే గానీ, టాక్సీల దారి తెరిచే ఉంచుతారు. ఒహాతోలో దొరుకుతుంది."

"నువ్వు బంగారం," అంది మార్గో.

ఆమె వెళ్లాక చిసాతో చొక్కా కాలర్ దగ్గరి మైక్ నొక్కింది. "సార్, ఆకుపచ్చ టోపీ ఉత్తిదే. అందుకునేది మార్గోయే. ఓడకి తిరిగి రాదు. మేలో గెంజిని చంపినప్పుడు ఓడ కూత, ఇవాళ టపాకాయలు. మోత చాటున ఓగుచిని చంపేస్తుంది."

"సాక్ష్యం?"

"ఆమె సంచి."

రేడియో గరగరమంది. "సంచి చూసి నేను ఆపరేషన్ మార్చను. మనవాళ్లంతా పీస్ పార్క్‌కి బయల్దేరారు. నువ్వు బల్ల వదలకు."

నాలుగున్నరకి ఆమె బల్ల వదిలింది.

ఒహాతో దగ్గర రోడ్డంతా కాలిన కాగితపు ముక్కలు, పొగ. కాంస్య గంటలు మోగుతున్నాయి. ఒక చేపల వ్యాపారి కుటుంబం పడవ మలుపు దగ్గర ఆగి ఉంది. వాళ్ల పెద్ద కొడుకు తెల్ల పొట్టి అంగీలో చెమటలు కక్కుతున్నాడు.

"అన్నా, ఒక అంగీ ఇస్తావా? పడవ పట్టుకుంటాను."

అతను ఆమెను ఎగాదిగా చూశాడు. "ఎవరక్కా పోయింది?"

"స్నేహితుడు. అతనికి పడవ లేదు."

అతను ఇంకేమీ అడగకుండా తన అంగీ విప్పి ఇచ్చాడు. ఒక టపాకాయల దండ, అగ్గిపెట్టె కూడా చేతిలో పెట్టాడు. "ఈ పడవ మా నాన్నది, చెవిటివాడు. గట్టిగా కాల్చు."

అయిదుంబావుకి, మూసేసిన రోడ్డు పక్కన మార్గో కనిపించింది. చెవులకి బిరడాల్లేవు. ఫోన్‌లో ఎవరిమీదో అరుస్తోంది. ఆమె టాక్సీ ఎక్కడో పోలీసు తాళ్ల అవతల నిలిచిపోయింది. పని కాగానే టాక్సీ ఎక్కి మాయమవ్వాల్సిన మనిషి, తెల్ల గౌనులో, అందరికీ కనబడేలా నిలబడి ఉంది.

జనంలోంచి ఓగుచి వచ్చాడు. చేతిలో కస్తెల్లా కేకు డబ్బా. మార్గో డబ్బా అందుకుని సంచిలో వేసుకుంది. అదే చెయ్యి శాలువా చుట్టుకుని బయటికి వచ్చింది. శాలువా మడతలోంచి పిస్తోలు మొన చూసి ఓగుచి మొహం పాలిపోయింది. వాళ్లిద్దరి మధ్య రెండడుగులు.

చిసాతోకి పది అడుగుల దూరం. పరిగెత్తితే సరిపోదు. అగ్గిపుల్ల గీసింది. మొదటిది ఆరిపోయింది. రెండోది అంటుకుంది. దండ మార్గో కాళ్ల దగ్గర పడి ఒక్కసారిగా పేలింది.

నాగసాకి మనిషి అయితే కదిలేవాడు కాదు. మార్గో ఎగిరిపడి రెండు చేతులూ చెవుల దగ్గరికి తీసుకుంది. గుండు ఓగుచి తల మీదుగా పోయి, పడవ మీది కాగితపు లాంతరును చీల్చింది. మరుక్షణం ఆమె మణికట్టు చిసాతో చేతిలో విరిగింది.

పిస్తోలు రోడ్డు మీద పడింది. చుట్టూ ఉన్నవాళ్లు ఆ కాల్పు కూడా టపాకాయే అనుకున్నారు.

"టాక్సీ వస్తుందన్నావు," అంది మార్గో, పళ్లు బిగించి.

"పొద్దుట్నుంచి మూడొందల మందికి నిజం చెప్పాను. నీకొక్కదానికే చెప్పలేదు."

ఓగుచి కాలిబాట అంచున కూలబడ్డాడు. "రేవులో చనిపోయినాయన మీ మనిషేనా?" అన్నాడు. "మేలో ఆయన చేతిలో ఏమీ లేదమ్మా. గొడుగు మాత్రం ఉంది. నా మీద పట్టాడు. వానలో తడుస్తున్నానని. 'ఇంటికెళ్లిపో, ఇంకా మించిపోలేదు' అన్నాడు. అప్పుడే ఓడ కూత పెట్టింది. ఈవిడ ఆయన వెనకాలే ఉంది."

"ఇదంతా కాగితం మీద చెబుతావా?"

"చెబుతాను."

చిసాతో మైక్ నొక్కింది. "ఇద్దరూ దొరికారు సార్. డ్రాయింగులు కూడా. జీపు పంపకండి, రోడ్లు మూసి ఉన్నాయి. నడిచి రండి."

ఆరింటికి సిల్వర్ హెరాన్ సరిగ్గా సమయానికి కదిలింది. అంతకు ముందు మైకులో గాయని పేరు మూడుసార్లు పిలిచారు. ఓడ ఎవరి కోసమూ ఆగదు.

చిసాతో అంగీ తిరిగి ఇచ్చి, నడిచి కొండ మీది గెంజి వాళ్లింటికి వెళ్లింది. గెంజి తల్లి గుమ్మంలో కూర్చుని ఊరి మోత వింటోంది. ఇంటి పక్కన తాడుతో కట్టిన వెదురు కట్ట అలాగే ఉంది. చిసాతో ఆమె పక్కన కూర్చుని, ఎవరు చంపారో చెప్పింది, గొడుగు సంగతి చెప్పింది.

గెంజికి పడవ కట్టలేదు.